పదకొండో ఇటుక

కుంభపురి రాజ్యంలో వీరులకు కొదవ లేదు. గండభేరుండాన్ని లొంగదీసినవాళ్లు, మొసళ్ల మడుగును ఈదినవాళ్లు, పందెం కట్టి పులి మీసం పీకి తెచ్చినవాళ్లు వీధికి నలుగురున్నారు. అయినా ఆ రోజు రాజ్యాన్ని కాపాడే పని కుండలు చేసుకునే తిప్పన్న మీద, అంటే నా మీద, పడిందంటే కారణం ఒక్కటే. పరదేశి పండితుడి బట్టలు మా ఊళ్లో ఇంకెవరికీ సరిపోలేదు.

ఆ పండితుడిది హంసద్వీపం. పొద్దున్నే రాజధానికి పోతూ, అడ్డదారిన వెళ్దామని మా రేగడిపాడు మట్టిగుంటలోకి దిగి నడుం దాకా కూరుకుపోయాడు. ఆరుగురం తాడేసి లాగితే పైకి వచ్చాడు. సభలో కట్టుకోవడానికి తెచ్చుకున్న పట్టుబట్టల మూట కోసం వెతుక్కుంటుంటే మా మేనత్త వీరమ్మ, "మునిగిపోయింది నాయనా, ఇంక దొరకదు" అని ముక్కు చీదింది. ఆ మూట మీదే కూర్చుని చీదింది.

పాపం ఆ మహానుభావుడు అత్త పాత చీర చుట్టుకుని, మా అరుగు మీద సంగటి తింటూ, తాను వచ్చిన పనేమిటో దాచకుండా చెప్పేశాడు.

మూడు రోజులుగా రాజుగారి తప్పెట మా మట్టిగుంట చుట్టూ తిరుగుతోంది. కుంభపురిలో ఒకరి నేల రాజు తీసుకునే పద్ధతి అది. రోజుకొక చుట్టు చొప్పున తప్పెట మూడు చుట్లు తిరగాలి. మూడో చుట్టు ముగిసి, నాలుగో మూలన ఎర్ర మేకు దిగిందంటే ఆ నేల రాజుది. రెండు చుట్లు అయిపోయాయి. ఈ పొద్దు గుంకేలోగా మేకు దిగుతుంది. ఆ గుంట పోతే మా ఊళ్లో నలభై కుమ్మరి సారెలు ఆగిపోతాయి. ఇంకో మట్టి మా చేతికి లొంగదు, ఇంకో పని మాకు చేతకాదు.

దేనికయ్యా ఈ తీసుకోవడం అంటే, ప్రజల మేలు కోసమట. మహామంత్రి భస్మకేతుడు అక్కడ అద్దాల మేడ కట్టిస్తాడట. దాని చుట్టూ కందకం తవ్విస్తాడట. ప్రజలు కందకం అవతల నిలబడి మేడను చూసి ఆనందిస్తారట.

ఇదివరకైతే ఆ పప్పులు ఉడికేవి కావు. కుంభపురికి ఆనగోడ ఉంది. పట్టాభిషేకం రోజున ప్రతి రాజూ మా గుంట మట్టితో చేసిన పచ్చి ఇటుకలో కుడికాలు మోపి, ప్రజలకు ఒక ఆన ఇస్తాడు. ఆ ఆనను అడుగు పక్కనే రాసి, ఇటుకను మా ఆవంలో కాల్చి గోడలో పెడతారు. ఒక రాజుకు ఒకే ఇటుక. కొత్తది చేర్చవచ్చు గానీ పాతది పీకకూడదు. పీకితే సభామండపం కప్పు నెత్తిన పడేలా కట్టారు మా పెద్దలు. రాజులకు నీతి చెప్పడం కంటే అదే మేలనుకున్నారేమో.

అందులో ఏ ఆనా ఊరికే రాలేదు. దున్నినవాడిదే నేల అన్న మొదటి ఆన కోసం మా ముత్తాతల తాతలు ఏడాది పాటు రాజుకు నీళ్లకుండ చేసి ఇవ్వలేదు. మగదిక్కు లేని ఇంటి గడప రాజు తొక్కడు అన్న నాలుగో ఆన కోసం ఒక విధవరాలు కోట వాకిట్లో నలభై రోజులు పొయ్యి పెట్టుకుని వండుకు తిన్నది. కట్టకో బాటకో నేల కావలిస్తే మారు నేల ముందు చూపించి ఆనక తీసుకోవాలన్నది ఐదో ఆన. ఎనిమిదో రాజు మాత్రం పట్టాభిషేకం నాడు బాగా తాగి, "మా వాళ్లు చెప్పిందే నాదీనూ" అని రాయించాడు. అదీ చెల్లింది.

మూడో ఇటుక నూరేళ్ల కిందట పిడుగు పడి, భూమిలోకి దిగిపోయి మాయమైంది. అందులో ఏముండేదో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలో చేవమాను ముక్క పెట్టి కప్పు నిలబెట్టారు. మొన్న భస్మకేతుడు నాగలోకానికి పోయి ఆ ఇటుకను తెచ్చానన్నాడు. చేవమాను తీసి దాన్ని పెట్టాడు. దానిమీద ఇలా ఉంది: ప్రజల మేలు అని రాజు ఏదంటే అదే ప్రజల మేలు. దానికోసం తీసుకున్న నేలకు మారు నేల ఇవ్వనక్కరలేదు.

పరదేశి పండితుడొకడు వచ్చి ఆ ఇటుక నిజమైనదే అంటే మూడో చుట్టు ముగిసి మేకు దిగుతుంది. కాదంటే రాజే తప్పెట ఆపిస్తాడు. ఆ పండితుడే మా అరుగు మీద సంగటి తింటున్నాడు.

"నువ్వే పండితుడివైపో" అంది అత్త, మూట నా ఒళ్లో పడేసి.

"నాకు అక్షరం ముక్క రాదు కదత్తా!"

"చదివేది ఆస్థాన లేఖకుడు. నువ్వు తల ఊపి, కాదని చెప్పి రా. ఒక్క మాట. కాదు. పలుకుతుందా నోరు?"

"పలుకుతుంది."

"'అటు కాదు, ఇటు' అని గాడిదల్ని తోలి తోలి ఆ మాట బాగానే వంటబట్టి ఉంటుందిలే."

గోగునారతో గడ్డం కట్టి, విభూతి పూసి, నన్ను ఒక గాడిద ఎక్కించింది. తాను పండితుడి తల్లినంటూ రెండో గాడిద ఎక్కింది.

*

ఆనగోడ ఉన్న సభామండపాన్ని ఏమని వర్ణించను! నూటెనిమిది చందనపు స్తంభాలు, ఒక్కొక్క స్తంభానికి చిలుకలు బారులు తీరినట్టు పచ్చల తాపడం, పైకప్పు నుంచి జాలువారే ముత్యాల జాలరులు, కింద నడిస్తే నీడ కూడా జారిపడేంత నునుపైన చలువరాయి. ఆ వైభవం నడుమ, పట్టుచీరల పేరంటంలో నేతచీర కట్టిన ముసలమ్మలా, ఒక మూల మా మట్టిగోడ. పదకొండు ఎర్రటి ఇటుకలు. ఒక్కొక్క ఇటుక కింద ఆ రాజు తొడిగిన పావుకోళ్లు. గోడ ముందు, ఆన చదివే రోజున కాళ్లు కడుక్కోవడానికి పెట్టే ఇత్తడి గంగాళం నిండా నీళ్లు.

వాకిట ఏడడుగుల భటులు ఇద్దరున్నారు. కన్ను ఆర్పరు, ఊపిరి తీయరు. వాళ్ల పక్కనుంచి పోతుంటే తొలకరి పడ్డ నేల వాసన వచ్చింది. వీళ్లు స్నానం ఎలా చేస్తారో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే అలవాటు నాకు లేదు.

సింహాసనం మీద విజయమల్ల మహారాజు. పట్టం కట్టుకుని ఏడాదిన్నర అయిన కుర్ర రాజు, మెత్తటివాడు. పక్కనే భస్మకేతుడు. పొగరంగు జడలు, నిప్పుకణికల్లాంటి కళ్లు, వేళ్లకు పుర్రెల ఉంగరాలు.

"హంసద్వీప పండితులవారికి స్వాగతం," అన్నాడు మంత్రి. "ఈ అవ్వ ఎవరో?"

"వీడి తల్లిని," అంది అత్త. "నేను లేకపోతే అన్నం తినడు."

లేఖకుడు మూడో ఇటుక చదివాడు. సభంతా నావైపు తిరిగింది. కాదు అని ఒక్క మాట అని వచ్చేయాలి. ఆ మాటే అనబోయాను. కానీ నా ముందు పండితుల కోసం వెండి పీట వేశారు. ఇద్దరు చామరాలు వీచారు. ఎవరో 'జ్ఞానభాస్కరా' అన్నారు. నా జన్మలో నన్నెవరూ అలా పిలవలేదు. భాస్కరుడంతటివాడు ఒక్క మాట చెప్పి వెళ్లిపోతే ఏం బాగుంటుంది? శాస్త్రీయంగా పరీక్షించి చెబుదామనిపించింది.

మూటలోంచి దర్భపుల్ల తీశాను. మొదటి రాజు పావుకోలు పొడుగు కొలిచి, ఆ పుల్లను ఇటుకలోని అడుగులో పెట్టాను. పుల్ల బొటనవేలెడు బయటికి వచ్చింది. పాదం పెద్దది, అడుగు చిన్నది! రెండో ఇటుకా అంతే. నాలుగు, ఐదు, ఆరు, చివరికి పదకొండు కూడా అంతే. మూడో దాంట్లో మాత్రం పుల్ల అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఆహా!" అంది సభ.

నా మాటకు మా గాడిద కూడా ఎప్పుడూ ఆహా అనలేదు. ఒళ్లు తెలియలేదు. చెయ్యెత్తి గంభీరంగా పలికాను.

"మహారాజా! పాదానికి సరిపడేదే అడుగు. సరిపడనిది దొంగ అడుగు. ఈ గోడలో మూడో ఇటుక ఒక్కటే నిజం. మిగతా పదీ కల్పితం!"

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. భస్మకేతుడికి నాకంటే ముందే తెలిసింది. వాడి ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది.

"విన్నారా ప్రభూ! పది ఆనలూ కల్పితం. దున్నినవాడిదే నేల అన్నదీ, మారు నేల చూపాలన్నదీ అంతా బూటకం. ఇక మట్టిగుంట ఏమిటి, రాజ్యంలోని ప్రతి పొలమూ, ప్రతి కొంపా తమదే. ప్రతి ఊరికీ తప్పెట పంపిస్తాను."

ఒక్క గుంటను కాపాడమని పంపితే రాజ్యమంతా రాసిచ్చాను. పదకొండు తరాలుగా ఏ దుర్మార్గుడికీ సాధ్యం కాని పనిని ఒక్క దర్భపుల్లతో చేశాను.

అత్త నా వీపు మీద గోళ్లు దించింది.

"ఒరే, పచ్చి ముంత ఎండి కాలేసరికి ఏమవుతుందిరా?"

"తగ్గుతుంది."

"ఎంత?"

"జానెడుకి... ఓ బొటనవేలెడు..."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను చేసే పని అది! మూరెడు కుండ కావాలంటే మూరెడు మీద కొంచెం ఎక్కువే చేస్తాను. మట్టి ఎండితే ముడుచుకుంటుంది, కాలితే ఇంకా ముడుచుకుంటుంది. పచ్చి ఇటుకలో పడ్డ పాదం కాలాక చిన్నదవకుండా ఎలా ఉంటుంది? సరిగ్గా సరిపోయిందంటే ఆ అడుగు కాల్చక ముందు పడింది కాదు. కాలిన పాత ఇటుకను తెచ్చి, పావుకోళ్లను పక్కన పెట్టుకుని, ఉలితో చెక్కినది. చదువుకున్నవాడు చేసిన దొంగపని. ఆ సంగతి మా ఊళ్లో పొయ్యి ఊదే ముసలమ్మకైనా తెలుసు. నాకు తెలియకుండా పోయింది, వెండి పీట మీద కూర్చున్న పాపానికి.

అప్పుడే రాజుగారు మెల్లగా అడిగారు. "పండితులవారూ, పదకొండోది నాది. ఆ మట్టిలో నేనే కాలు పెట్టాను. చల్లగా తగిలింది కూడా. అదెలా కల్పితం?"

చెప్పాలంటే నేను పండితుణ్ణి కాదని చెప్పాలి. చెబితే తల ఉండదు. చెప్పకపోతే రాజ్యం ఉండదు. నాకు రాజ్యం కంటే తలే ముఖ్యమనిపించింది గానీ, వెనక అత్త గోళ్లు ఇంకో అంగుళం దిగాయి.

గడ్డం పట్టి లాగాను. ఒక చెవి దగ్గర ఊడింది, రెండో చెవికి వేలాడింది.

"మహాప్రభో! నేను రేగడిపాడు కుమ్మరి తిప్పన్నని. ఇందాక చెప్పింది తలకిందుల మాట. తమరు కుడి పావుకోలు విడిచి, తమ ఇటుకలో తమ కాలే పెట్టి చూడండి."

"బంధించండి!" అని అరిచాడు భస్మకేతుడు.

"ఆగండి," అన్నాడు రాజు. కుతూహలం భయం కంటే పెద్దది కదా. పై వరుసలో చివరనున్న తన ఇటుకను పీట ఎక్కి చేత్తో తీశాడు. దానిమీద ఇంకే బరువూ లేదు గనక తేలిగ్గా వచ్చింది. కింద పెట్టి పాదం మోపాడు. వేళ్లు పట్టాయి, మడమ పట్టలేదు. మడమ పెడితే వేళ్లు పట్టలేదు.

"ఏడాదిన్నరలో ప్రభువుల పాదం పెరిగి ఉంటుంది. రాజభోగం కదా," అన్నాడు మంత్రి.

"పొట్ట పెరిగిందంటే ఒప్పుకుంటాను మంత్రీ," అన్నాడు రాజు. "పావుకోళ్లు ఇప్పటికీ అదే కొలతవి తొడుగుతున్నానే!"

"కాలిన మట్టి తగ్గుతుంది దొరా," అంది అత్త. "నిజమైన ఆన ఎప్పుడూ పాదం కంటే చిన్నదే. పాదానికి సరిపోయిందే దొంగది. ఈ పదీ మా ఆవంలో కాలినవి. ఆ మూడోది ఉలి కింద పుట్టింది."

సభ గొల్లున నవ్వింది. భస్మకేతుడి జడలోంచి పొగ లేచింది. వాడు చిటికె వేశాడు. వాకిట్లోని ఏడడుగుల భటులు ఇద్దరూ కొండలు కదిలినట్టు కదిలి, నామీదికి కత్తులెత్తారు. నేను వీరోచితంగా గంగాళం వెనక దాక్కున్నాను. మొదటివాడి కత్తి గంగాళం అంచుకు తగిలింది. నీళ్లు చింది వాడి మోకాలి మీద పడ్డాయి. మోకాలు జారి బురదై కారిపోయింది.

తొలకరి వాసన! అప్పుడు వెలిగింది నాకు.

"అత్తా! వీళ్లు పచ్చిమట్టి! కాల్చకుండా నిలబెట్టాడు! కాల్చి ఉంటే నీళ్లకు కరగరు!"

అత్త గంగాళాన్ని ఒక్క తన్ను తన్నింది. నీళ్లు వరదలా పోయాయి. మహావీరులిద్దరూ చలువరాతి మీద రెండు మట్టికుప్పలయ్యారు. నేను రొమ్ము విరుచుకుని నిలబడేలోగా భస్మకేతుడు పకపకా నవ్వాడు.

"మంచి కిటుకు చెప్పావురా కుమ్మరీ! ఇంతకాలం నాకు తట్టనే లేదు. ఆ గుంట మట్టికి ప్రాణం పట్టే గుణం ఉంది. సాయంత్రానికి గుంట నాది. ఇరవై వేల మందిని చేస్తాను. ఈసారి కాల్చి మరీ చేస్తాను!"

అద్దాల మేడ ఆ మట్టి కోసం వేసిన సాకేనని అప్పటికి అందరికీ అర్థమైంది. వాడికి తెలియనిదాన్ని నేర్పిన గురువెవరో కూడా అర్థమైంది. అందరూ నన్ను చూశారు.

అంతలో వాడు వంగి, నేలమీదున్న పదకొండో ఇటుకను చంకన పెట్టుకుని, పొగసుడిగా మారి పైకప్పు గవాక్షంలోంచి ఎగిరిపోయాడు.

"ముందు ఆ తప్పెట ఆపండి!" అన్నాడు రాజు.

దళపతి మోకాలి మీద వంగాడు. "మన్నించాలి. గోడలో ఇటుక లేని రాజు మాట చెల్లదు. తొమ్మిదో ఆన."

"మరి తప్పెట వేయమన్నది నేనేగా?"

"అది ఇటుక ఉన్నప్పుడు అన్న మాట. చెల్లుతుంది."

రాజు దిక్కులు చూశాడు. అత్త ముందుకొచ్చింది. "మొదటి ఆన చివర ఏముందో మీ వాళ్లకు గుర్తులేదా దొరా? కాల్చిన ఆన కలకాలం, పచ్చి ఆన తడి ఆరేదాకా. గుంట మట్టిలో కాలు పెట్టి చెప్పు. తడి ఉన్నంతసేపు, కాలు ఉన్నంతసేపు, నువ్వు రాజువే."

"గుర్రం తెండి!"

"గుర్రం విప్పాలంటే రాజాజ్ఞ కావాలి ప్రభూ," అన్నాడు దళపతి, ఏడుపు గొంతుతో.

బయట మా గాడిదలున్నాయి.

*

కుంభపురి చక్రవర్తి గాడిదనెక్కి రాచబాటన పరుగెత్తిన రోజు అది. ఆయన వెనక అత్త, రెండో దానిమీద నేను. పూలంగడి కూలింది. మిరపకాయల గుట్ట లేచి ఆకాశం ఎర్రబడింది. ఊరు దాటగానే పైన పొగమబ్బు కమ్మి, నిప్పురవ్వలు వడగళ్లలా రాలాయి. ఒక రవ్వ నా చెవికి వేలాడుతున్న గడ్డం మీద పడి అంటుకుంది. "తిప్పన్న ముఖంలో వెలుగు ఇప్పుడొచ్చింది!" అంది అత్త. నేను గాడిద మీదనుంచి వాగులోకి దూకాను. నిజానికి పడ్డాను. గడ్డం ఆరింది. గాడిద నాకోసం ఆగలేదు.

తడి బట్టలతో, రాజుగారి గాడిద తోక పట్టుకుని పరుగెత్తి గుంట చేరేసరికి పడమట సూర్యుడు తాటి మొవ్వుల్లో చిక్కుకుని ఉన్నాడు. మా ఊరంతా గట్టుమీద నిలబడి ఉంది. తలారి పైడయ్య తప్పెట చంకన వేసుకుని నాలుగో మూలకు వచ్చేశాడు. మనిషి మా ఊరివాడే. కళ్లు తుడుచుకుంటున్నాడు గానీ మేకు మీద సుత్తి ఎత్తనే ఎత్తాడు.

"పైడయ్యా, ఆగు!" అంది అత్త.

"నా చేతుల్లో ఏముంది వదినా! రాజాజ్ఞ!"

రాజు గాడిద దిగలేదు, ఎగిరి దూకాడు. మేకు దిగాల్సిన చోటే కుడికాలు పడింది. పిక్క దాకా దిగింది.

"ఈ గుంట ఈ ఊరి కుమ్మరులదే! తప్పెట ఆపు!"

పైడయ్య సుత్తి దించలేదు. వంగి, రాజుగారి కాలి పక్కన మట్టిని వేలితో అద్ది చూశాడు.

"తడిగానే ఉంది," అన్నాడు. "చెల్లుతుంది." సుత్తి పారేసి, మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఊరు ఊరంతా అరిచిన అరుపుకు కొంగలు లేచాయి.

"ఇక కాలు తీయవచ్చునా?" అన్నాడు రాజు.

"తీస్తే ఆన తీసినట్టే ప్రభూ," అన్నాడు పైడయ్య, కళ్లు తుడుచుకుని. "అప్పుడు మేకు దించాలి."

"పోనీ ఈ అడుగునే ఇటుక చేసి కాల్చండి."

"ఒక రాజుకు ఒకే ఇటుక. మీదొకటి ఉందిగా."

ఉంది. భస్మకేతుడి చంకలో ఉంది. పొగమబ్బు ఉత్తరాన నల్లకొండల వైపు పోతూ, పోతూ ఒకసారి నవ్వింది. ఆ ఇటుక తిరిగి గోడలోకి వచ్చేదాకా కుంభపురి ప్రభుత్వమంతా ఒంటికాలి మీద మా గుంటలోనే ఉండాలి. అత్త అప్పటికే కడవ తెప్పించింది. పచ్చికుండ మీద కప్పినట్టు రాజుగారి పాదం చుట్టూ తడిగుడ్డ పరిచి, దోసిలితో నీళ్లు చల్లుతోంది. "కదలకు నాయనా. ఆకలైతే చెప్పు, సంగటి ఉంది." అరుగు మీదున్న పరదేశి పండితుడు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వచ్చి, తన పంచె నా ఒంటిమీద చూసి నోరు తెరిచాడు.

నేను వంగి చూశాను. ఆ అడుగు రాజుగారి పాదానికి అచ్చంగా సరిపోయింది. పచ్చిగా ఉన్నప్పుడు ఏ ఆన అయినా సరిపోతుంది. కాలాకే తెలిసేది, ఎంత మిగిలిందో.

"ఎండాకాలం," అంది అత్త, తల ఎత్తకుండానే. "మాకు కడవలు మోసే ఓపిక మూడు రోజులుంటుంది. ఆలోగా ఎవరో ఒకరు నల్లకొండలకు పోయి ఆ ఇటుక తేవాలి."

గండభేరుండాన్ని లొంగదీసినవాళ్లు, మొసళ్ల మడుగు ఈదినవాళ్లు, పులి మీసం పీకినవాళ్లు అందరూ గట్టుమీద ఉన్నారు. అందరూ ఒకేసారి నావైపు చూశారు. నా వెనక ఎవరైనా వీరుడున్నాడేమోనని నేనూ వెనక్కి తిరిగి చూశాను.

అక్కడ మా గాడిద ఉంది. అది కూడా నన్నే చూస్తోంది.